ఆరు తలుపుల వెనక ఒకే గొంతు

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు నన్ను కలిసినప్పుడు ఎక్కువగా ఒకటే అడుగుతారు: పల్లెల్లో ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి అడిగే ప్రశ్నలు ఎలా తయారుచెయ్యాలి అని. రిటైరై ఇన్నేళ్ళయినా నాకు జాబితాల పిచ్చి తగ్గలేదని వాళ్ళ పెద్దలెవరో చెప్పి పంపుతారనుకుంటాను. ప్రశ్నలు ఎవరైనా రాస్తారు, జవాబు ఎవరు చెబుతున్నారో చూసుకోండి అంటాను. వాళ్ళు తలూపి అది కూడా రాసుకుంటారు. ఆ మాట వెనక బీదర్ జిల్లాలో ఒక గల్లీ ఉందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన రోజులవి. మా ఆఫీసులో ఫారాలన్నీ పాత పేరుతోనే అచ్చయి ఉండేవి. వాటిమీద కొత్త పేరు రబ్బరు స్టాంపు కొట్టడం ఉద్యోగంలో నాకు అప్పగించిన మొదటి పని. గుల్బర్గాలో ఫార్మసీ డిప్లొమా చదివి, మాత్ర ఎలా కరుగుతుందో, ఎంతసేపటికి రక్తంలో కలుస్తుందో తెలుసుకున్న నాకు ఆ స్టాంపు పని చిన్నతనంగా తోచింది. అయినా ప్రతి ఫారం మీదా పేరు తిన్నగా పడేటట్టు స్కేలు పెట్టి కొట్టాను. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు.

అసలు పని గర్భనిరోధక మాత్రలది. అవి అప్పుడప్పుడే మా వైపు వస్తున్నాయి. మందు ఒకటే, మోతాదులు రెండు. ఎక్కువ మోతాదు గట్టిగా పనిచేస్తుందని నమ్మకం, కానీ దాన్ని తట్టుకోలేక చాలామంది మధ్యలో మానేస్తున్నారు. తక్కువ మోతాదైతే ఒంటికి పడుతుందా, ఎవరికి ఏది ఎంత ఇబ్బంది పెడుతుంది అన్నది పోల్చి చూడాలి. ఒక రకం అట్ట మీద పసుపు చీటీ, రెండో రకం మీద నీలం చీటీ అంటించి ఉండేవి. ఏ రంగు ఏ మోతాదో నాకు తెలియదు, నర్సమ్మకు తెలియదు, మింగే ఆవిడకూ తెలియదు. తెలిస్తే చూపు వంకర పోతుందని ఆ సంగతి రాసిన కాగితాన్ని కవరులో పెట్టి, లక్కముద్ర వేసి మా డాక్టరమ్మ బీరువాలో దాచింది.

డాక్టరమ్మ మైసూరు వైపు మనిషి. కన్నడంలోనే మాట్లాడేది, నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆమె పెట్టిన నియమాల్లో అన్నిటికన్నా గట్టిది: ప్రశ్నలు ప్రతి ఇంట్లోనూ ఒకే మనిషి, ఒకే మాటల్లో, ఒకే తీరుగా అడగాలి.

"నర్సులను పంపితే జవాబు వాళ్ళే అందించి వస్తారు" అనేది. "'తల తిరుగుతోందా అమ్మా, తిరగట్లేదు కదూ?' అని అడిగితే ఏ ఆడది తిరుగుతోందంటుంది? నువ్వైతే గోడలా అడుగుతావు. అదే నాకు కావాలి."

గోడ అన్నది మెప్పుగానే తీసుకున్నాను. అలా నెలకోసారి పల్లెల్లో తిరిగి, ఇంటి ముందు కూర్చుని, వరుసగా చదవడం నా వంతు అయింది. కడుపులో తిప్పుతున్నదా. వాంతి అయిందా. తలనొప్పి ఉన్నదా. రొమ్ములు సలుపుతున్నాయా. నెల మధ్యలో మరక కనబడిందా. కళ్ళు తిరిగాయా. ఊరికే చిరాకు వస్తున్నదా. చివర్న ఇతరములు. పెళ్ళికాని కుర్రవాడు పరాయి ఇంటి అరుగు మీద కూర్చుని గోడలా ఇవన్నీ చదువుతుంటే, జీపు దగ్గర నిలబడ్డ మా డ్రైవర్ చాచా మొహం అటు తిప్పుకుని భుజాలు కదిలేలా నవ్వేవాడు.

చాలా ఊళ్ళలో నాకు బతుకు కష్టంగానే గడిచింది. కుశనూర్ దగ్గర ఒకావిడ అట్ట తెచ్చి నా ఫారం మీద పడేసింది.

"నువ్వే మింగు సారు ఈ గోలీలు. నెల దినాలు మింగినంక నీకెట్లున్నదో నేనడుగుత, నువ్వు చెప్పు" అంది.

చాచా ఆ మాటను జిల్లా అంతా మోసుకుపోయాడు. ఎక్కడ టీ తాగినా "మా సాబుకు గిప్పుడు ఎన్నో నెల?" అని మొదలుపెట్టేవాడు.

ఇబ్బంది లేని చోటు ఒక్కటే ఉండేది. మన్నళ్ళి దాటాక ఎడమ పక్క బాటలో వచ్చే ఒక చిన్న ఊళ్ళో, ఎర్రరాతి ఇళ్ళ గల్లీ. తరాల నుంచి అక్కడే ఉన్న తెలుగువాళ్ళు. గల్లీలో ఒక వరుసగా ఆరిళ్ళు మా లెక్కలోకి వచ్చాయి. ఇంటికొక కోడలు, సగం మందికి పసుపు చీటీ, సగం మందికి నీలం. మొదట్లో వాళ్ళను బండ్లు కట్టించి మా కేంద్రానికి తీసుకొచ్చారు. గది తలుపులు వేసి డాక్టరమ్మ పరీక్ష చేసింది, మాత్రలిచ్చి పంపింది. నేను ఆ రోజు స్టాకు గదిలో ఉన్నాను. ఆ ఆరుగురిలో ఒక్కరి మొహం కూడా చూడలేదు. తర్వాత వాళ్ళ ఇళ్ళ ముందు కూర్చున్నప్పుడూ చూడలేదు.

మా వైపు ఎర్రరాయి విచిత్రమైనది. తవ్వినప్పుడు మెత్తగా ఉంటుంది, గాలి తగిలితే బిగుస్తుంది, ఒళ్ళంతా చిల్లులు. ఆ గల్లీలో గోడలు మూరకు మించిన మందం. లోపలికి అడుగుపెట్టగానే జీపు చప్పుడు, పిండిగిర్ని చప్పుడు ఎవరో మూతపెట్టినట్టు ఆగిపోయేవి. మగవాళ్ళు చేలల్లో ఉండేవారు. అన్ని తలుపులూ ఓరగా వేసి ఉండేవి. మొదటి ఇంటి అరుగు మీద నాకోసం ఒక పీట వేసి, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టి ఉండేది. ఎవరు పెట్టారో కనబడేది కాదు. కూర్చుని, ఫారం తీసి, తలుపు సందులోకి చూస్తూ మొదటి ప్రశ్న చదివేవాణ్ణి.

"లేదు" అనేది లోపలి గొంతు.

వయసు తెలియని గొంతు. అందులో కోపం లేదు, సిగ్గు లేదు, విసుగు లేదు. ఎండిపోయిన బావిలోంచి వచ్చినట్టు, అడిగిన వెంటనే, అదే ఎత్తులో, లేదు. లేదు. లేదు. చివర్న నేను ఇతరములు అంటే, "ఏం లేదు సారు, మంచిగున్నది." తలుపు సందులోంచి నస్యం వాసన సన్నగా వచ్చేది.

రెండో ఇంటి అరుగు మీద కూడా పీట, చెంబు. తలుపు సందు. నస్యం వాసన. మొదటి ప్రశ్న చదివాను. "లేదు" అంది గొంతు. అదే గొంతు.

అక్కాచెల్లెళ్ళేమో అనుకున్నాను. మూడో ఇంట్లో కూడా అదే. ఆరో ఇంటికి చేరేసరికి నా వెన్ను మీద చెమట చల్లగా తగిలింది. నేను ఒక ఇంటి ముందు నుంచి లేచి పక్క ఇంటి ముందు కూర్చోవడానికి ఎంతసేపు? ఆ లోపల ఏ తలుపూ తెరుచుకోలేదు, గల్లీలో ఎవరూ నడవలేదు. అయినా ప్రతి తలుపు వెనకా ఆ గొంతు నాకన్నా ముందే వచ్చి కూర్చుని ఉండేది.

జీపెక్కాక చాచాను అడిగాను.

"గల్లీలోకి నేను రాలేదు గదా సాబ్" అన్నాడు. "ఆ గల్లీకి నేను రాను. ఎండల బోయినా చలి పుడ్తది."

"ఏం, దయ్యముందా?"

"ఉంటే మంచిదే గదా. దయ్యాలకు పిల్లలు పుట్టరు, నీకు పని తక్కువైతది."

బీదర్‌లో డాక్టరమ్మ నా ఫారాలు ఒకదాని పక్కన ఒకటి పరిచి సంబరపడింది. మిగతా ఊళ్ళలో సగం మందికి కడుపులో తిప్పడం, మరకలు, తలనొప్పులు. మానేసినవాళ్ళు ఎందరో. ఈ గల్లీలో మాత్రం ఏ రంగు మింగినా ఇబ్బంది లేదు, నెలనెలా ఒక్కరూ మానలేదు. ఆ ఆడవాళ్ళ తిండిలో ఏదో ఉందని, జొన్నరొట్టె మీద విడిగా పరిశీలన చెయ్యాలని అంది. అందరిదీ ఒకే గొంతులా వినబడుతోందని చెప్పాను.

"పల్లెటూరి గొంతులన్నీ నీకు ఒకేలా ఉంటాయి. పెళ్ళి చేసుకో, తేడాలు తెలుస్తాయి" అంది నవ్వుతూ.

మరుసటి నెల ఒక పని చేశాను. వరుస ప్రకారం పోకుండా, గల్లీలోకి అడుగుపెట్టగానే నేరుగా చివరి ఇంటికి నడిచాను. అరుగు మీద పీట లేదు. రాతి మీదే కూర్చుని మొదటి ప్రశ్న చదివాను. జవాబు లేదు. మళ్ళీ చదివాను. తలుపు వెనక ఎవరో ఊపిరి పీల్చి బిగబట్టినట్టు అనిపించింది. ఆ ఊపిరి ఆ గొంతుది కాదని ఎందుకో తెలిసింది. అంతలో ఎక్కడో గోడ లోపల్నుంచి, మొదటి ఇంటి వైపు నుంచి, రాతిలోంచి నడిచివస్తున్నట్టు ఒక చప్పుడు. కర్ర ఆన్చి నడిచే చప్పుడు. రెండో ఇంట్లో. మూడో ఇంట్లో. దగ్గరికి, ఇంకా దగ్గరికి. చివరికి నా ఎదుటి తలుపు వెనక ఆగింది. నస్యం వాసన వచ్చింది.

"ముందుగాల మొదటింటికి పోవాలె సారు" అంది గొంతు. "పద్ధతి తప్పొద్దు. ఆ, అడుగు."

అడిగాను. లేదు, లేదు, లేదు. నా అక్షరాలు ఆ రోజు గీత మీద నిలవలేదు.

దీని గుట్టు చెప్పింది మా నర్సమ్మ. ఆవిడ బీదర్ పాతబస్తీ మనిషి, నాకన్నా చాలా పెద్దది, మూడు నెలలకోసారి టీకాలకు జీపులో మాతో వచ్చేది. ఆ తర్వాతి నెల ఒక పొద్దున జీపులో ఒక మూల సూదుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను గోడలోని నడక సంగతి చెబితే నావైపు జాలిగా చూసింది.

"అది ఆ గల్లీల ముసలమ్మ గొంతు, తమ్ముడూ. ఆమె పెనిమిటి పోయి ఎన్నేండ్లో. ఆ గల్లీల కోడండ్ల గొంతు పరాయి మగోడు ఇనొద్దు. గాజులమ్మెటోడొచ్చినా, పట్వారొచ్చినా తలుపెనక ముసలమ్మే మాట్లాడ్తది. ఆమె గొంతు ఎవలిన్నా ఫికర్ లేదు గదా. పెరటి గోడలల్ల మనిషి దూరెటంత కిడికీలుంటయి, ఇంట్లకెంచి ఇంట్లకు పోతది."

"ఇన్ని నెలలు నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు అడిగినవా? అందరికి ఎరుకైన ముచ్చటే గదా, నీకెరుక లేదని నాకేం ఎరుక?"

చాచా స్టీరింగు మీద తల ఆనించి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. నియమం ప్రకారం మేం ఒకే నోటితో అడిగాం. వాళ్ళ కట్టుబాటు ప్రకారం వాళ్ళు ఒకే నోటితో జవాబు చెప్పారు. గోడ ప్రశ్నలు వేసింది, గోడ బదులిచ్చింది. మధ్యలో మాత్రలు మింగుతున్న ఆరుగురు ఎలా ఉన్నారో మాకెవరికీ తెలియదు.

భయానికి కారణం తెలిస్తే భయం పోతుందంటారు. ఆ రోజు గల్లీలోకి అడుగుపెట్టినప్పుడు నాకు మునుపటి కంటే ఎక్కువ చలి వేసింది. నర్సమ్మ ఊరి అవతలి కొసన బడి దగ్గర టీకాలకు దిగిపోయింది. జీపు బాట మీద ఆగింది. పీట, చెంబు, తలుపు సందు. వరుసగా నాలుగిళ్ళు అయ్యాయి. ఇప్పుడు ముసలమ్మ గొంతు వెనక ఇంకో మనిషి కూర్చుని ఉంటుందని తెలుసు కాబట్టి, నేను జవాబు కన్నా ఆ నిశ్శబ్దాన్ని ఎక్కువ విన్నాను. ఎక్కడో బట్ట కదిలిన చప్పుడు. ఎక్కడో పిల్ల ఏడవబోతే నోరు మూసిన చప్పుడు.

అయిదో ఇంటి దగ్గర గాజులు వినబడ్డాయి.

గాజులు మామూలే, కదిలితే చప్పుడవుతాయి. కానీ ఇవి ఊరికే కదిలినట్టు లేవు. వాంతి అయిందా అంటే "లేదు" అంది గొంతు, పైనుంచి, మనిషి నిలబడితే నోరుండే ఎత్తు నుంచి. గాజులు మాట్లాడలేదు. తలనొప్పి. "లేదు." గాజులు మాట్లాడలేదు. అన్నీ అలాగే నడిచాయి. చివర్న ఇతరములు అన్నాను.

"ఏం లేదు సారు, మంచిగున్నది."

టిక్కుమని చెక్కకు గాజు తగిలింది. కింద నుంచి. గడప ఎత్తు నుంచి.

ముసలమ్మ చేతికి గాజులుండవు. ఆ సంగతి అప్పుడే తోచింది. పోయిన నెల కూడా ఇదే ఇంట్లో, ఇదే ప్రశ్నకు, ఇదే చప్పుడు విన్నానని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

"ఇతరములు?" అని మళ్ళీ చదివాను.

"చెప్పిన గద సారు. ఏం లేదు."

టిక్కు.

నా దగ్గర ఇంకో ప్రశ్న లేదు. అచ్చయిన ఫారం అక్కడితో అయిపోతుంది. మొదటి రోజు శిక్షణలో మాత్రం డాక్టరమ్మ ఒక మాట అంది: ఫారంలో లేనిది ఒకటుంది, చాలా అరుదు, ఎక్కువ మోతాదులో వినబడుతోంది, కాలి నరాల్లో రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కదు అని. అరుదు కాబట్టి దానికి గడి వెయ్యలేదంది. నాకు ఆ మాట గుర్తుంది, కానీ ఆ క్షణంలో నేను దాన్నే అడగలేదు. అడిగితే నర్సులు అందించినట్టే నేనూ జవాబు అందించినవాణ్ణవుతాను. కింద ఉన్న మనిషి తనంతట తాను చెప్పాలి. అందుకని పైనుంచి మొదలుపెట్టాను.

"తలలో ఏమైనా తకలీఫ్ ఉన్నదా?"

"లేదు" అంది గొంతు. గాజులు లేవు.

"కళ్ళు?" లేదు. "రొమ్ము?" లేదు. "ఊపిరి ఆడటం?" లేదు. "పొట్ట?" లేదు. "నడుము?" లేదు. గొంతులో మొదటిసారి తొందర వినబడింది. నేను ఏ దారిన పోతున్నానో దానికి అర్థమైంది. గల్లీ అంతా ఎండ తెల్లగా పడి ఉంది, ఒక్క పిట్ట లేదు.

"కాళ్ళు?"

"లేదు సారు."

టిక్కు. టిక్కు. టిక్కు. చెక్క మీద గాజు పగిలి ముక్క నేల మీద పడిన చప్పుడు.

"కుడికాలా?" నిశ్శబ్దం. "ఎడమకాలా?" పగిలిన గాజు మళ్ళీ చెక్కను గీరింది.

"పో సారు" అంది గొంతు. "అడిగింది చాలు. పక్కింటికి పో."

నేను లేవలేదు. గల్లీ మొదటి వరకూ వినబడేట్టు చాచాను కేక వేశాను, నర్సమ్మను తీసుకురమ్మని. ఆ గల్లీలో అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ అరిచి ఉండరు. ఆ కేక అణిగాక లోపల్నుంచి ఇంకో గొంతు వచ్చింది. అది ఆ కోడలి అత్తగారిది. బతికున్న మనిషి గొంతు, వణుకుతున్న గొంతు.

"ఎందుకు సారు మా ఇంటి మీదికి లొల్లి తెస్తున్నవు? కాలు జర ఉబ్బింది, గంతే. చేన్ల తిరిగిన కాలు. రోజు నువ్వుల నూనె కాగబెట్టి రుద్దుతున్నం. తగ్గుతది."

రుద్దుతున్నారు. గడ్డను వాళ్ళ చేతులతోనే కదుపుతున్నారు.

"ఇంక రుద్దకండమ్మా" అన్నాను. "చెయ్యి కూడా వేయకండి."

నర్సమ్మ వచ్చింది. చెప్పులు అరుగు కింద విడిచి, నావైపు చూడకుండా తలుపు తోసుకుని లోపలికి పోయింది. ఆ తలుపు తెరుచుకోవడం నేను చూసింది అదే మొదలు. లోపల చీకట్లో ఏమీ కనబడలేదు. కాసేపటికి ఆవిడ గొంతు వినబడింది, నాతో ఎన్నడూ మాట్లాడని గొంతుతో.

"ఈ కాలు తొడ దాంక ఉబ్బింది. ముట్టుకుంటే పొయ్యి మీది కుండ లెక్కున్నది. ఎన్ని దినాల సంది? ఎవలకు చెప్పలే ఎందుకు?"

అత్తగారు ఏడుస్తూ చెప్పింది. నేను తలుపు బయట నిలబడి విన్నాను.

"చెప్తె మీరు గోలీలు బంద్ జేస్తరు గద నర్సమ్మ. బంద్ జేస్తె మళ్ళ కడుపైతది. పోయిన కాన్పుకు రెండు దినాలు పానం మీద కొట్టుకున్నది. ఇంకో కాన్పైతె బతకదని అప్పుడే చెప్పిన్రు. కాలు నొస్తె ఏమైతది, కాలే గదా అనుకున్న. ముసలమ్మతోని నేనే చెప్పిచ్చిన, అంత మంచిగున్నదని."

ముసలమ్మ ఏమీ అనలేదు. అన్ని నెలలూ నాతో మాట్లాడిన ఒకే ఒక్క గొంతు ఆ గదిలోనే ఉండి, ఏమీ అనలేదు.

పెరట్లో మంచం మీద పడుకున్న మామగారు లేచి అరుగు మీదికి వచ్చాడు. చెవులు సరిగా వినబడని మనిషి. "మగోళ్ళు చేను కాడున్నరు. మాపటికి వస్తరు. వాళ్ళు వచ్చినంక చూద్దాం" అన్నాడు. మాపటి దాకా ఆగితే ఏమవుతుందో నర్సమ్మ ఆయన చెవిలో గట్టిగా చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. కోడలు పరాయి మగాళ్ళ జీపెక్కి బీదర్ పోవడమా, కొడుక్కు చెప్పకుండానా అన్నాడు.

అప్పుడు అత్తగారు బయటికి వచ్చింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, మొగుడి ఎదుట గల్లీలో నిలబడింది.

"నేను చెప్పిన అబద్ధం. నేనే తోలుకపోత" అంది. "నీ కొడుకొస్తె నా పేరు చెప్పు."

తలుపును కీళ్ళ నుంచి ఊడదీశారు. ఆ తలుపు మీదే కోడల్ని పడుకోబెట్టారు. నేనూ చాచా చెరొక కొస పట్టుకున్నాం. మొహం మీద దుప్పటి కప్పి ఉంది. ఎడమచేతికి గాజులు లేవు, మణికట్టు మీద రక్తం ఎండింది. ఎప్పుడూ ఆ గల్లీకి రాని చాచా గల్లీ పొడుగునా నడిచాడు. అన్ని తలుపుల సందుల్లోంచీ మమ్మల్ని చూస్తున్నారని వీపుకు తెలుస్తోంది. జీపులో నర్సమ్మ ఆ కాలిని ఒళ్ళో పెట్టుకుని కదలకుండా పట్టుకుంది. గుంత వచ్చినప్పుడల్లా చాచా వేగం తగ్గించి "మాఫ్ చెయ్యి బిడ్డా" అన్నాడు. ఊపిరి తీస్తోందా లేదా అని నేను దుప్పటి కదలికనే చూస్తూ కూర్చున్నాను.

డాక్టరమ్మ ఆ కాలు చూసి, నేరుగా తన గదికి నడిచింది. బీరువా తెరిచి లక్కముద్ర పగలగొట్టింది. ఆ కోడలిది నీలం చీటీ. నీలం ఎక్కువ మోతాదు. రక్తం పలచబడే మందు జిల్లాలో సరిపడా లేదు, హైదరాబాద్‌కు మనిషిని పంపారు. ఆ రాత్రీ మరునాడూ ఆమెకు ఊపిరి ఎగదన్నినప్పుడల్లా అత్తగారు మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయింది. మందు వచ్చింది. మెల్లగా కాలు దిగింది. మనిషి దక్కింది.

మాత్రలు ఆపాలని డాక్టరమ్మ చెప్పినప్పుడు అత్తగారు భయపడినట్టే అడిగింది: మరి మళ్ళీ కడుపొస్తే? మగవాడికి చిన్న ఆపరేషన్ ఉంటుంది అని నర్సమ్మ చెప్పింది. ఆ రోజుల్లో ఆ మాట వింటే మా జీపు చూసి ఊళ్ళకు ఊళ్ళు చెరుకు తోటల్లోకి పరిగెత్తేవి. అత్తగారు మాత్రం "నా కొడుకును నేను చూసుకుంట" అంది. చూసుకుంది కూడా. అతను తనంతట తానే వచ్చాడని రిజిస్టర్లో రాసుకున్నాం. వరండాలో తల్లి చెయ్యి అతని మోచేతి మీద ఎలా ఉందో రాయడానికి అందులో చోటు లేదు.

అప్పటి దాకా రాసిన లెక్కల్లోంచి ఆ గల్లీ అంతా తీసేశారు. జవాబులు ఎవరివో తేలలేదు కాబట్టి ఆరిళ్ళ నెలనెలా ఫారాలూ చెల్లవన్నారు. ఆ కోడలి ఫారం కూడా చెల్లలేదు, ఆమె నోటితో చెప్పలేదు కాబట్టి. పై ఆఫీసుకు డాక్టరమ్మ పెద్ద ఉత్తరం రాసింది. కొత్త ఫారాల్లో కాళ్ళ ప్రశ్న వచ్చింది. ప్రశ్నలు నర్సమ్మే ఇంట్లోకి పోయి అడగాలన్న నియమం కూడా వచ్చింది. నా పని గల్లీ మొదట్లో కూర్చుని ఆవిడ చెప్పింది రాయడం.

మొదటిసారి అలా పోయినప్పుడు మిగతా అయిదిళ్ళలో అయిదు రకాల జవాబులు వచ్చాయి. ఒకామెకు మొదటి నెల నుంచీ వాంతులు. ఒకామెకు మరకలు. ఒకామె ఎప్పుడో మానేసి అట్టలు బియ్యం కాగులో దాచింది. బీదర్‌లో డాక్టరమ్మ ఫారాలు చూసి తల పట్టుకుంది, తనను తానే వెక్కిరించుకున్నట్టు.

"పోయిన నెల అందరూ బాగున్నారు కదయ్యా. ఏం చేశారు ఆ ఊరికి?"

ఆ రోజే గల్లీ దగ్గర నర్సమ్మ ఇంకో సంగతి చెప్పింది. తలుపు మీద కోడల్ని మోసుకుపోయిన దినం నుంచి ముసలమ్మ నోరు తెరవలేదట. ఆకలైనా చేత్తోనే చూపిస్తుందట. ఉన్న గొంతంతా ఇల్లిల్లూ పంచేసిందని గల్లీలో అనుకుంటున్నారట.

రాత పని అయ్యాక ఎందుకో గల్లీలోకి నడిచాను. అయిదో ఇంటి తలుపు మళ్ళీ బిగించి ఉంది. ఎదుటి అరుగు మీద ఒక ముసలమ్మ కర్ర పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. చిన్న మనిషి, నస్యం మరకలున్న పమిట. ఆ గొంతును మోసిన శరీరం అంత చిన్నదని ఎన్నడూ అనుకోలేదు. నన్ను చూసి చూడనట్టు ఉంది.

అయిదో ఇంటి ముందు నాకు పని లేదు. దాటిపోతుంటే తలుపు వెనక గాజు చప్పుడయింది. ఈసారి పైనుంచి, నిలబడ్డ మనిషి చెయ్యి ఉండే ఎత్తు నుంచి. ఆగాను.

"నన్నడుగవా సారూ?" అంది ఒక గొంతు. లేత గొంతు, కొంచెం బొంగురు. నేను ఎప్పుడూ వినని గొంతు.

"మీకు మాత్రలు ఆపేశారు కదమ్మా. లెక్కలో మీ పేరు లేదు."

"లేకుంటె లేకపాయె. ఐనా అడుగు."

అరుగు మీద కూర్చుని, సంచిలో మిగిలిన పాత ఫారం తీసి, గోడలాగే, మొదటి నుంచి చదివాను. కడుపులో తిప్పుతున్నదా. "లేదు." తలనొప్పి. "లేదు." ఎందుకో తల తిప్పి ఎదుటి అరుగు చూశాను. ముసలమ్మ కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. లోపలి గొంతు లేదు అన్నప్పుడల్లా ఆ పెదవులూ అదే క్షణానికి లేదు అంటున్నాయి, చప్పుడు లేకుండా, ఒక్కటీ తప్పకుండా. నా చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అయినా ఆపకుండా చివరి దాకా చదివాను.

"ఇతరములు?"

"ఉన్నది" అంది లోపలి గొంతు. "పొద్దుగూకితె కాలు బరువైతది. రాసుకో."

ఎదుటి అరుగు మీద పెదవులు ఆగిపోయాయి. నేను రాసుకున్నాను.